మళ్లీ కట్టే ఖర్చు: ఇంటి బీమా వివాదాలు

బీమా చేసిన ఇల్లు వరదకో, నిప్పుకో, నేల కుంగడానికో పోతే దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఎంతవుతుంది, అందులో కంపెనీ ఇవ్వాల్సింది ఎంత అన్న లెక్క దగ్గర యజమానికీ బీమా కంపెనీకీ పడే తగువును పునర్నిర్మాణ వ్యయ వివాదం అంటారు. నష్టం జరిగిందన్న సంగతి మీద సాధారణంగా పెద్ద పేచీ ఉండదు, కూలిన గోడ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది. పేచీ అంతా ఆ గోడ ఖరీదు దగ్గరే వస్తుంది. చాలా కేసుల్లో దానికి విత్తనం పాలసీ కాగితంలో బీమా మొత్తం రాసుకున్న రోజునే పడి ఉంటుంది.

మన దేశంలో ఇంటికి బీమా చేసుకునేవాళ్లు కొద్దిమంది. కడప జిల్లా పల్లెల్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు కంపెనీ గడప కంటే తహసీల్దారు కార్యాలయం గడపే ఎక్కువగా తొక్కారు. అక్కడ అడిగే ప్రశ్న కూడా ఇదే: పోయిన ఇంటికి విలువ కట్టేది ఎవరు, ఏ లెక్కన? అందుకే బీమా తగువులతో పాటు ముంపు పరిహారాల తగువులు కూడా ఈ వ్యాసంలోకి వస్తాయి.

ఒకే ఇంటికి మూడు ధరలు

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పాత ఇళ్లు చూస్తే ఈ చిక్కు తేలిగ్గా బోధపడుతుంది. మందపాటి రాతి గోడలు, కొయ్య దూలాలు, వాటి మీద దంతెలు, పైన చవుడు మట్టి పోసి తొక్కిన మిద్దె, కింద కడప బండల నేల. ఇలాంటి ఇంటికి కనీసం మూడు ధరలుంటాయి. అమ్మితే స్థలంతో కలిపి వచ్చేది మార్కెట్ ధర. ఇవాళ కొత్తగా కట్టాలంటే అయ్యేది పునర్నిర్మాణ వ్యయం. అందులోంచి ఇంటి వయసుకు తగ్గ తరుగుదల తీసేస్తే మిగిలేది తరుగు విలువ.

బీమా స్థలానికి వర్తించదు, భూమి కాలిపోదు గనుక. ఈ ఒక్క మాట తెలియక మోసపోయామనుకునేవాళ్లు చాలామంది. వేముల మండలం తుమ్మలపల్లె దగ్గర 2007 నవంబరు 20న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి యురేనియం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఇలాంటి ప్రాజెక్టో, కొత్త రహదారో వచ్చిన చోట స్థలం ధర ఎంత పెరిగినా కిందపడినా, గోడ కట్టే ఇటుక ధరకూ బేల్దారి కూలికీ దానితో సంబంధం లేదు. అపార్టుమెంట్లలో తేడా ఇంకా ఎక్కువ. 80 లక్షలు పెట్టి కొన్న ఫ్లాటులో కట్టడం ఖరీదు 30 లక్షలే కావచ్చు, మిగిలింది స్థలంలో వాటా, ఊరి గిరాకీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినట్టు రేపు మరో తుపాను తాకితే, ఆ ఫ్లాటుకు బీమా లెక్క 30 లక్షల నుంచే మొదలవుతుంది.

పాత ఇంటి దగ్గర అసలైన బాధ తరుగుదలది. డెబ్బయి ఏళ్ల మిద్దెకు కాగితం మీద తరుగు తీస్తే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కానీ ఆ కుటుంబం వానలో నిలబడి ఉంది. ఆ దూలాలు ఇప్పుడు దొరకవు, చవుడు మిద్దె వేసే పనివాళ్లూ అరుదే. మళ్లీ కట్టాలంటే ఇనుము, సిమెంటు, సెంట్రింగు తప్పవు. బీమా శాస్త్రంలో నష్టపూరణ అనే సూత్రం ఉంది: నష్టానికి ముందున్న స్థితికి మనిషిని చేర్చాలి, అంతకు మించి లాభం రాకూడదు. పాత ఇంటికి కొత్త ఇల్లు ఇస్తే లాభమే కదా అని కంపెనీ అంటుంది. పాత ఇల్లు కట్టి ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదని యజమాని అంటాడు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఈ చిక్కు విప్పడానికే తరుగుదల లేకుండా పూర్తి పునర్నిర్మాణ ఖర్చు ఇచ్చే పాలసీలు పుట్టాయి.

టారిఫ్ కాలం నుంచి భారత్ గృహ రక్ష దాకా

2001లో వచ్చిన అఖిల భారత అగ్ని టారిఫ్ కింద ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ ఒకే మూస పాలసీ ఉండేది: స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీ. రేట్ల మీద నియంత్రణ 2007 జనవరి 1న ఎత్తేసినా పాలసీ మాటలు చాలాకాలం అవే సాగాయి. అందులో సామాన్యుణ్ని బాగా దెబ్బతీసింది సగటు నియమం. ఉదాహరణకు ఇల్లు కట్టడానికి 36 లక్షలవుతుంది, యజమాని 18 లక్షలకే బీమా చేశాడు, వానకు ఒక వైపు కూలి 6 లక్షల నష్టం వచ్చింది. బీమా మొత్తం నష్టానికి మూడు రెట్లు ఉంది గనుక 6 లక్షలూ వస్తాయని ఎవరైనా అనుకుంటారు. కంపెనీ మాత్రం సగానికే బీమా చేశావు కాబట్టి సగమే అని 3 లక్షలు చేతిలో పెట్టేది. మిగతా సగానికి ఇంటాయనే బీమాదారు అన్నది దాని తర్కం.

ఆ పాలసీకి తోడు పునర్నిర్మాణ విలువ క్లాజు చేర్చుకుంటే తరుగుదల ఉండేది కాదు. కానీ షరతులు గట్టివి. నష్టం జరిగిన 12 నెలల్లో, లేదా కంపెనీ పొడిగించిన గడువులో, కట్టడం పూర్తి కావాలి. ఖర్చు పెట్టేదాకా తరుగు విలువే దక్కుతుంది. చేతిలో డబ్బు లేనివాడు ముందు కట్టి తర్వాత అడగాలన్న నియమమిది. పెద్ద కంపెనీకి అది నడుస్తుంది. పైకప్పు పోయి బంధువుల ఇంట్లో తలదాచుకున్న రైతుకు నడవదు.

హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ల కోసం విడిగా ఒక ప్రామాణిక పాలసీ తెచ్చింది. దాని పేరు భారత్ గృహ రక్ష. సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని అమ్మాలి. అగ్ని, పిడుగు, భూకంపం, తుపాను, వరద, నేల కుంగడం, కొండచరియలు విరగడం, అల్లర్లు ఇందులోకి వస్తాయి. ఇంటి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను నిర్మాణ రేటుతో గుణించి కడతారు. పాలసీ ఏడాదికి మించి తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం తనంతట తానే పెరుగుతుంది. శిథిలాలు తీయడానికి క్లెయిములో 2 శాతం దాకా, ఇంజనీర్ల ఫీజుకు 5 శాతం దాకా ఇస్తారు. ఇల్లు ఉండటానికి పనికిరానంత కాలం అద్దె కూడా ఇందులో ఉంది. అన్నిటికన్నా పెద్ద మార్పు, ఇంటికి సగటు నియమాన్ని తీసేయడం. పై ఉదాహరణలో ఇప్పుడు 6 లక్షలూ రావాలి. ఇళ్ల బీమాలో ఇంత మంచి సవరణ మరొకటి రాలేదు.

అయినా తగువులు ఆగలేదు. సగటు నియమం పోయినా బీమా మొత్తమే గరిష్ఠ హద్దు. ఇల్లు పూర్తిగా పోతే కాగితం మీద ఎంత రాశారో అంతే.

కొలత దగ్గర జరిగే పొరపాటు

కడప జిల్లాలో ఇల్లు కట్టించే మనిషి బేల్దారితో చదరాల లెక్కన మాట్లాడతాడు. చదరం అంటే వంద చదరపు అడుగులు. ఆ రేటు శ్లాబు విస్తీర్ణానికి చెప్పేది, గోడలు కూడా అందులో కలిసే ఉంటాయి. పాలసీ అడిగే కార్పెట్ ఏరియాలో బయటి గోడల మందం ఉండదు, లోపలి గోడలు మాత్రం ఉంటాయి. శ్లాబు రేటును కార్పెట్ ఏరియాతో గుణిస్తే ఏమవుతుందో చూద్దాం. బయటి కొలత 30 అడుగులకు 40 అడుగులు, అంటే 1,200 చదరపు అడుగులు. రెండడుగుల రాతి గోడలు నాలుగు వైపులా ఉంటే లోపల మిగిలేది 26 అడుగులకు 36, అంటే 936 చదరపు అడుగులు. అడుగుకు 1,800 రూపాయలనుకుంటే మొదటి లెక్కన 21.6 లక్షలు, రెండో లెక్కన 16.85 లక్షలు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఇంటి విలువలో 22 శాతం కాగితం మీద మాయమైంది. ప్రతిపాదన పత్రం నింపేటప్పుడు మొత్తం ఇల్లు కట్టే ఖర్చును కార్పెట్ ఏరియాతో భాగించి రేటు తేల్చుకోవాలి. ఈ మాట ఏజెంట్లు చెప్పరు, చాలామంది ఏజెంట్లకు తెలియదు కూడా.

గృహరుణం ఉన్న ఇళ్లలో మరో తప్పు జరుగుతుంది. బ్యాంకుకు తన అప్పు భద్రంగా ఉంటే చాలు కాబట్టి అప్పు మేరకే బీమా చేయించడం కద్దు. అప్పు తీరేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది, ఇల్లు కట్టే ఖర్చు పెరుగుతుంది. ఇల్లు పోతే పరిహారం ముందుగా బ్యాంకుకే చేరుతుంది.

నిర్మాణ రేటు నిలకడగా ఉండేది కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక కొరత వచ్చి కట్టడాలు నిలిచిపోయాయి, కూలీలు పని లేక రోడ్డున పడ్డారు. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి దిగింది. విపత్తు తర్వాత ఊరంతా ఒకేసారి కట్టుకోవడం మొదలుపెడితే కూలి, ఇటుక, కంకర అన్నీ ఎగబాకుతాయి. సర్వేయరు పాత రేటు వేస్తాడు, బేల్దారి కొత్త రేటు అడుగుతాడు, మధ్యలో ఇంటాయన నలుగుతాడు.

పగుళ్ల తగువు

కుందూ, పెన్నా పరీవాహకంలో నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న గోడలను అటూ ఇటూ లాగుతుంది. దాని కింద చాలాచోట్ల సున్నపురాయి. 2015 చివర్లో కురిసిన భారీ వానల తర్వాత కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో నాయనోరిపల్లె, బుగ్గలేటిపల్లె ప్రాంతాల్లో నేల ఉన్నట్టుండి గుండ్రంగా కుంగి పెద్ద గుంతలు పడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించారు. నీళ్లకు సున్నపురాయి కరిగి లోపల ఖాళీలు ఏర్పడతాయి. బోర్లతో భూగర్భజలం తోడేశాక ఆ ఖాళీలకు ఆసరా పోతుంది, పెద్ద వానకు పైమట్టి దిగబడుతుంది.

పాలసీ భాషలో ఇల్లున్న నేల కుంగితే పరిహారం ఉంది. కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లకు, పూడ్చిన మట్టి కదలికకు, నదికోతకు, డిజైను లోపానికి, నాసిరకం పనికి, తవ్వకాలకు లేదు. అంటే ఒకే పగులుకు రెండు పేర్లు పెట్టొచ్చు. నేల కుంగిందంటే డబ్బు వస్తుంది, పునాది సరిగా వేయలేదంటే రాదు. నల్లరేగడిలో కట్టిన ఇంటికి ఈ రెండూ కలిసే ఉంటాయి. ఇలాంటి చోట సర్వేయరు కంటికి కనిపించినదాన్ని బట్టి రాసిన రెండు పేజీలు చాలవు. మట్టి పరీక్ష జరగాలి, పునాది లోతు కొలవాలి.

యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె, రాచకుంటపల్లె, మబ్బుచింతలపల్లె వైపు ఊళ్లవాళ్లు ఇంకో వాక్యం చూసుకోవాలి. అణు ఇంధనం నుంచీ దాన్ని మండించాక మిగిలే వ్యర్థం నుంచీ వచ్చే రేడియోధార్మికత వల్ల కలిగే నష్టాన్ని ప్రామాణిక పాలసీ మినహాయిస్తుంది. గనిలోంచి తీసిన రాయి, శుద్ధి చేశాక చెరువులోకి వదిలే వ్యర్థం ఆ మాటల కిందికి వస్తాయా అన్నది వాదించదగిన విషయమే. పాలసీలో అస్పష్టంగా ఉన్న మాటను దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగా, పాలసీదారుకు అనుకూలంగా చదవాలన్నది న్యాయస్థానాలు పాటిస్తూ వచ్చిన సూత్రం.

సర్వేయరు మాటకు ఎంత విలువ

బీమా చట్టం 1938లోని 64యుఎం సెక్షన్ ప్రకారం ఒక పరిమితి దాటిన నష్టాన్ని లైసెన్సున్న సర్వేయరు మదింపు చేయాలి. ఆయన ఫీజు కంపెనీ ఇస్తుంది, అందుకే బాధితుడికి ఆయన మీద అనుమానం. కానీ ఆ నివేదిక బ్రహ్మరాత కాదు. అంతకు భిన్నమైన మొత్తం చెల్లించే హక్కు కంపెనీకి అదే సెక్షన్ ఇస్తోంది. సర్వేయరు నివేదిక తుది మాట కాదని, సహేతుక కారణంతో దాన్ని పక్కనపెట్టవచ్చని సుప్రీంకోర్టు 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్ కేసులో చెప్పింది. అది ఇంటి కేసు కాకపోయినా సూత్రం ఇళ్లకూ వర్తిస్తుంది. సొంత ఇంజనీరు చేత అంశాలవారీగా అంచనా వేయించి పెట్టినవాడికే ఈ తీర్పు పనికొస్తుంది. ఉత్త కోపంతో వెళ్లినవాడికి సర్వేయరు కాగితమే మిగులుతుంది.

పూర్తి, తుది పరిష్కారంగా ఇంత ముట్టిందని రాయించుకునే డిశ్చార్జి వోచరు ఇంకో ఉచ్చు. దాని మీద సంతకం పెడితే అంతా అయిపోయినట్టేనని కంపెనీలు వాదిస్తాయి. మోసంతోనో ఒత్తిడితోనో ఆ సంతకం తీసుకున్నారని రుజువు చేస్తే మిగతా మొత్తం అడిగే హక్కు పోదని యునైటెడ్ ఇండియా, అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు అవసరమై సంతకం పెట్టక తప్పకపోతే, వెంటనే అభ్యంతరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాలి. నెలల తర్వాత చెప్పే ఒత్తిడి కథను ఎవరూ నమ్మరు.

బీమా లేనప్పుడు

2021 నవంబరు 19 తెల్లవారుజామున నాటి ఉమ్మడి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. అంతకు ముందే పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగి నీళ్లు వచ్చి పడ్డాయి. పులపత్తూరు, తొగురుపేట, మందపల్లె లాంటి ఊళ్లలో పదుల సంఖ్యలో మనుషులు పోయారు, ఇళ్లు పునాదుల దాకా ఊడ్చుకుపోయాయి. అప్పటికి విపత్తు సహాయ నిధి నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా పోయిన ఇంటికి 95,100 రూపాయలు. 2022లో దాన్ని 1.20 లక్షలు చేశారు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి ఆ సవరణలో పెట్టింది 6,500. కాలనీల్లో పేదల ఇంటికి రాష్ట్ర ప్రభుత్వం యూనిట్ ఖర్చు 1.80 లక్షలుగా లెక్కవేసిన కాలమది. అంటే ఇల్లు కట్టడానికి ఒక లెక్క, ఇల్లు పోతే ఇవ్వడానికి ఇంకో లెక్క. ఆ సొమ్మును సహాయం అంటారు గనుక అది ఖర్చుకు సరిపోలేదని కోర్టులో గెలవడం కష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రకటించారు. సామాన్లకు అది కాస్త ఊరట, గోడలకు కాదు.

జమ్మలమడుగు, కొండాపురం మండలాల్లో గండికోట జలాశయం కథ వేరు. పెన్నా మీద 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఈ జలాశయం కింద ఇళ్లు ప్రమాదంలో పోలేదు, ప్రభుత్వమే తీసుకుంది. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ కట్టడాల విలువను అర్హుడైన ఇంజనీరు చేత కట్టించమంటుంది. 30వ సెక్షన్ దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, ఇస్తుంది. చట్టం అడిగేది మార్కెట్ విలువ. నిర్వాసితుడికి కావాల్సింది కొత్త చోట కట్టుకునే ఖర్చు. 2020 సెప్టెంబరులో వెనుకజలాలు తాళ్లప్రొద్దుటూరులోకి వచ్చినప్పుడు, పరిహారం పూర్తిగా ఇచ్చాకే కదులుతామని జనం రోజుల తరబడి ఆందోళన చేశారు. పునరావాస ప్యాకేజీ 6.75 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. అలా పెరగడమే మొదటి లెక్క చాలలేదని ఒప్పుకోవడం. నీళ్లు గడప దగ్గరకు వచ్చాక బేరమాడించడం ఏ ప్రభుత్వానికీ తగదు.

ఇతర దేశాల్లో

న్యూజిలాండ్‌లో 2010, 2011 భూకంపాలకు క్రైస్ట్‌చర్చ్ నగరం దెబ్బతిన్నప్పుడు, ఇళ్ల పాలసీలు ఎంతైనా సరే మళ్లీ కట్టిస్తామన్న తీరులో ఉండేవి. బాగుచేయాలా కూల్చి కట్టాలా అన్న దగ్గర వేల తగువులు వచ్చాయి. వాటిని తేల్చడానికి 2019లో ప్రత్యేక ట్రైబ్యునల్ పెట్టారు. ఆ దెబ్బకు కంపెనీలు ఎంతైనా అన్న మాట మాని, మనలాగే అంకె రాయించుకోవడం మొదలుపెట్టాయి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. కాలిఫోర్నియాలో ప్రకటిత విపత్తుల్లో మళ్లీ కట్టుకుని పూర్తి ఖర్చు అడగడానికి కనీసం 36 నెలల గడువు ఉండాలని చట్టం ఉంది. మన పాత క్లాజులోని 12 నెలల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఎవరిని ఆశ్రయించాలి

ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ కార్యాలయం పరిధి. 2023లో దాని పరిమితిని 30 లక్షల నుంచి 50 లక్షలకు పెంచారు. ఫీజు లేదు. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించకూడదని ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఆదేశించింది. కంపెనీకి రాసే మొదటి ఉత్తరంలోనే ఆ మాట గుర్తుచేయడం మంచిది.

రెండో దారి వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. 2019 చట్టం వచ్చాక కేసు ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాక, కట్టిన ప్రీమియాన్ని బట్టి తేలుతుంది. ఇంటి ప్రీమియం వేలల్లోనే ఉంటుంది కాబట్టి కోటి రూపాయల ఇంటి తగువు కూడా జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా ఫిర్యాదుదారు నివాసమున్న జిల్లా చాలు. తుమ్మలపల్లె మనిషి కడపలో ఫిర్యాదు వేయొచ్చు, కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు ఉంటే దానికి రుసుము ఒక్క రూపాయి కూడా లేదు.